ఎవరికీ చెప్పని పందెం

బాలసుందరం నీళ్ల మనిషి. ముప్పై నాలుగేళ్లు మద్రాసు నీటి గొట్టాలతో కాపరం చేశాడు. ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఏ వీధి కింద ఎంత లావు గొట్టం పోతుందో, ఏ మలుపులో వాల్వు ఎటు తిప్పితే ఎవరింటికి నీళ్లు పారతాయో కాగితం చూడకుండా చెప్పేవాడు. తొండియార్‌పేటలో ఆయన సైకిలు కనపడితే చాలు, ఆడవాళ్లు బిందెలతో సహా అడ్డం వచ్చి "అన్నా, మా వీధికి ఎప్పుడు వదుల్తారు?" అని అడిగేవాళ్లు. అటువంటి మనిషి ఇంట్లోకి ఇరవై లీటర్ల క్యాను వచ్చింది. కోడలు కాపరానికి వచ్చిన వారానికే వచ్చింది.

కోడలు ఆశ చూలైలో కాగితాల వ్యాపారం చేసేవాళ్ల పిల్ల. వాళ్లింట్లో పదిహేనేళ్లుగా క్యాన్ నీళ్లే. పెట్టి పుట్టిన పిల్ల, తాగనీ అనుకున్నాడు బాలసుందరం. తనూ భార్య రాజలక్ష్మీ మాత్రం వాకిట్లో చేతిపంపు కొట్టుకుని ఆ నీళ్లే తాగేవాళ్లు. వీధిలో పోయే పెద్ద గొట్టం నుంచి ఇంట్లోకి వచ్చే సన్న గొట్టానికి బిగించిన పంపు అది. ఆ వైపు ఇళ్లలో చాలావాటికి అంతే, కొళాయి తిప్పితే చుక్క రాదు, కొడితేనే వస్తుంది. ఆ సన్న గొట్టం ఇరవై ఎనిమిదేళ్ల కింద బాలసుందరం తన చేతులతో వేసుకున్నదే.

రోజూ తెల్లవారగానే ఆయన పంపు కొట్టి, మొదటి రెండు బకెట్లు పారబోసి, మూడో బకెట్లోంచి దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూసేవాడు. కొత్తగా పనిలో చేరినప్పుడు మేస్త్రీ చెంగయ్య నేర్పిన విద్య అది. కన్ను మోసపోతుంది, నాలుక మోసపోతుంది, ముక్కు మోసపోదురా అనేవాడు చెంగయ్య. క్లోరిన్ వాసన సన్నగా తగిలితే నీళ్లు భేష్. అది తగలకపోతే అనుమానించు. మురుగు వాసన ఆవగింజంత తగిలినా వెంటనే వాల్వు కట్టెయ్. అంతే చదువు. ఆ చదువుతో బాలసుందరం ఎన్నో వీధుల్ని కాపాడాడు, అందులో అబద్ధం లేదు.

కానీ ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాలసుందరానికి ముక్కు పనిచెయ్యదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయిన వాసన మళ్లీ రాలేదు. అందరికీ నెలకో రెండు నెలలకో వచ్చింది, ఆయనకి రాలేదు. నాలుగేళ్లయింది. కాఫీ అయినా కషాయమైనా ఆయనకి ఒకటే. ఈ మాట పెళ్లాంతో కూడా చెప్పలేదు. గానం చేసేవాడికి గొంతు పోతే ఊరికి తెలుస్తుంది, ముక్కు పోతే ఎవరికి తెలుస్తుంది? పొద్దున్నే దోసిలి పట్టడం మాత్రం మానలేదు. పట్టి, పీల్చి, తల ఊపేవాడు. నాలుగేళ్లూ ఏమీ కాలేదు కాబట్టి తన చేతి పనికి ఢోకా లేదని తనకి తానే చెప్పుకున్నాడు.

వేసవి మొదట్లో ఒక ఆదివారం ఆశ వాళ్లన్న శివరామ్ చూలై నుంచి భోజనానికి వచ్చాడు. ఆశకి అప్పుడు ఐదో నెల నిండుతోంది. విస్తళ్ల దగ్గర మాట మీద మాట వచ్చి చివరికి నీళ్ల మీద పడింది.

"ఏముందిరా ఆ క్యాన్‌లో?" అన్నాడు బాలసుందరం. "యాడనో బోరు నీళ్లు తోడి, ఉండే సత్తువంతా లాగేసి, సీలు కొట్టి పంపిస్తారు. దుడ్డు పోసి కొంటే అమృతం అయిపోతాదా?"

కొడుకు గురుప్రసాద్ లేచి వెళ్లి పెన్నులాంటి మీటరొకటి తెచ్చి పంపు నీళ్లలో ముంచాడు. "చూడు నాయనా. నాలుగొందల ఎనభై. క్యాన్ నీళ్లలో యాభై."

"ఆ పుల్ల ఉప్పు లెక్క చెప్తాదిరా. మంచీ చెడూ దానికేం తెలుసు?"

ఈ మాటలో న్యాయం ఉంది. కానీ ఎవరూ వినిపించుకోలేదు. ఆశ మెల్లగా అంది, "మీ నీళ్లు చెడ్డవని నేనన్నానా మామా? ఇప్పుడు కడుపులో బిడ్డుండాది. నాకు భయంగా ఉండాది. అంతే మామా."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. శివరామ్‌కి నోరు ఊరుకోదు. "మేం కూడా కొళాయి నీళ్లు వాడతాం మామా, ఎందుకు వాడం? కాళ్లు కడుక్కోవాలి గదా!" అన్నాడు.

అందరూ ఫక్కున నవ్వారు. రాజలక్ష్మి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాలసుందరం కూడా పళ్లు బయటపెట్టి నవ్వినట్టు చేశాడు గానీ, ఆ తర్వాత రెండు రోజులు ఆయనకి అన్నం సయించలేదు. ముప్పై నాలుగేళ్లు. వానలో, మురుగులో, నడుం లోతు గుంటల్లో. చివరికి కాళ్లు కడుక్కోవడానికా?

మూడోనాడు ఆయనకొక ఆలోచన వచ్చింది. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు, వచ్చిన ఆలోచన ఇక పోదు.

క్యాన్ తెచ్చే కన్నియప్పన్ పది గంటలకి వస్తాడు. అప్పటికి గురుప్రసాద్, ఆశ ఇద్దరూ ఆఫీసులకి పోయి ఉంటారు. మధ్యాహ్నం రాజలక్ష్మి కునుకు తీస్తుంది. ఆ సమయంలో బాలసుందరం కొత్త క్యాను సీలు కోసి, ఆ నీళ్లన్నీ బట్టలుతికే డ్రమ్ములో పోసి, పంపు కొట్టి, ఉతికిన పంచె నాలుగు మడతలు పెట్టి వడగట్టి, అదే క్యాను నింపి స్టాండు మీద బోర్లించేవాడు. సీమంతం ఇంకా నలభై రోజులుంది. ఆనాడు చూలై వాళ్లంతా వస్తారు. పంక్తిలో అందరి ముందూ లేచి నిలబడి, "అమ్మాయ్ ఆశా, నలభై దినాలుగా నువ్వు తాగింది మీ మామ నీళ్లే. నీకేమన్నా అయిందా? బిడ్డకేమన్నా అయిందా?" అని అడగాలి. శివరామ్ ముఖం చూడాలి. అంతే ఆయన కోరిక. ఎవరికీ చెడు చెయ్యాలని కాదు. తాను తాగే నీళ్లే కదా పోశాడు!

పందెం కాయాలంటే ఇద్దరుండాలి. ఈయన ఒక్కడే కాశాడు. పణంగా పెట్టింది మాత్రం తన ప్రాణం కాదు.

ఆశకి ఏమీ తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? వడగట్టి, క్యాన్‌లో నిలవ ఉండి, సీసాల్లోకి మారి, ఫ్రిజ్‌లో చల్లబడ్డ నీళ్లు. రాజలక్ష్మి తాగేవి కూడా రాత్రంతా కుండలో నిలవ ఉన్నవే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గడగడా తాగి "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనేది. బాలసుందరం పేపరు అడ్డం పెట్టుకుని మీసంలో నవ్వుకునేవాడు.

పది రోజులు గడిచాయి. ఒకనాడు తెల్లవారి మేడమీద అద్దెకుండే సెలీనా బిందెతో పంపు దగ్గరికి వచ్చింది. హార్బరు దగ్గర పిల్లల బడిలో ఆయాగా పనిచేస్తుంది, మొగుడు లేడు, తన కష్టం మీద తను బతికే మనిషి. రెండుసార్లు పంపు కొట్టి ఆగిపోయి, నీళ్లు కాలువ వాసన వేస్తున్నాయి పెద్దాయనా, ఒకసారి మీరు చూడండి అని తమిళంలో అడిగింది.

బాలసుందరం దోసిలి పట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఊపిరంతా లాగి పీల్చాడు. ఏమీ లేదు. మంచి లేదు, చెడు లేదు, అసలు ఏమీ లేదు. ఆ క్షణంలో ఆయన "నాకు తెలియదమ్మా, ఇంకెవరినైనా పిలుద్దాం" అని ఉండవలసింది. ఎంత పని అది? గుక్కెడు ఊపిరి పట్టే మాట. కానీ ఫోర్‌మన్ ముక్కుకి వాసన తెలియదని అద్దెకున్న మనిషితో చెప్పుకోవడమా! "క్లోరిన్ వాసనమ్మా. మందు ఎక్కువేసుంటారు. మంచిదే" అన్నాడు. సెలీనా ఆయన ముఖం కేసి ఒకసారి చూసి, నీళ్లు పట్టుకుని వెళ్లింది. ఆనాటి నుంచి ఆమె కాచి చల్లార్చి తాగిందని తర్వాత తెలిసింది.

ఆయన మనసులో మాత్రం ఏదో కదిలింది. ఆ మధ్యాహ్నం పంపు కొట్టబోతూ కాసేపు ఆగాడు. గొట్టం నేను వేసింది, జాయింట్లు నేను బిగించినవి, నాకు తెలియనిది సెలీనాకి తెలుస్తుందా అనుకున్నాడు. క్యాను నింపాడు.

సీమంతానికి ఇంకా వారం ఉందనగా ఆశకి జ్వరం తగిలింది. వాంతులు. వేవిళ్లు మళ్లీ తిరగబెట్టాయేమో అంది రాజలక్ష్మి. మిరియాల రసం పెట్టింది, అదీ నిలవలేదు. మూడోనాడు పొద్దున కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల ముఖంలోకి చూసి రాజలక్ష్మి కెవ్వున అరిచింది. కళ్లు పచ్చగా ఉన్నాయి.

పెరంబూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ పరీక్షలు రాసి, గురుప్రసాద్‌ని పక్కకి పిలిచి మొదట అడిగిన మాట, "ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?"

"క్యాన్ నీళ్లే డాక్టర్. కొళాయి నీళ్లు నోట్లో కూడా పోసుకోదు. ఇంట్లో ఉండేటప్పుడు అవే, ఆఫీసుకి పోయేటప్పుడు అవే సీసాలో పోసుకుని పోతాది."

బాలసుందరం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెప్పలేదు.

"క్యాన్ అని నమ్మడానికీ లేదు, కొళాయి అని తోసెయ్యడానికీ లేదు" అంది డాక్టరమ్మ. "శుభ్రంగా ఉందా లేదా అన్నదే లెక్క. ఇది మురుగు కలిసిన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు. మామూలు వాళ్లలో కొందరికి బయటికే కనపడదు, కనపడినా పది రోజుల్లో తగ్గిపోతుంది. కడుపుతో ఉన్న మనిషికి అట్లా కాదు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే. ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి. ఆ నీళ్లు ఇంకెవరూ తాగకూడదు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బాలసుందరం చేసిన పని ఒక్కటే. పంపు పిడికి తాడు కట్టి బిగించాడు. రాజలక్ష్మితోనూ సెలీనాతోనూ "పంపు చెడింది, ముట్టుకోవద్దు" అన్నాడు. సగం నిజం చెప్పి సగం మింగేశాడు. ఆ రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లాడు. తెల్లవారితే చెబుదాం అనుకున్నాడు. ఒకవేళ నీళ్లు కాదేమో, ఇంకేదైనా తిందేమో అని కూడా అనుకున్నాడు. మనిషి మనసు ఎంత చెడ్డదో చూడండి, పిల్ల ఎక్కడో ఏదో తిని ఉండాలని దేవుడికి మొక్కుకున్నాడు.

మర్నాడు పది గంటలకి కన్నియప్పన్ క్యాను భుజానెత్తుకుని వచ్చాడు. ఆశ బట్టలు తీసుకుపోవడానికి గురుప్రసాద్ అప్పుడే ఇంటికి వచ్చి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాకిట్లో కన్నియప్పన్‌ని చూడగానే ఒక్క దూకున పోయి చొక్కా పట్టుకున్నాడు. క్యాను కిందపడి దొర్లింది.

"ఏం నీళ్లు పోసినావురా నా పెళ్లానికి? యాడ నింపుతా ఉండారు మీరు? కాలవలోనా?"

కన్నియప్పన్‌కి ఏమీ అర్థం కాలేదు. సన్నటి మనిషి, గాలికి ఊగిపోతాడు. సార్, సార్ అంటూ చేతులు జోడించాడు. "నాకూ ఇద్దరు ఆడపిల్లలుండారు సార్. వాళ్ల మీద ఒట్టు. నేను సీలు ముట్టుకోను సార్. వచ్చింది వచ్చినట్టు తెచ్చి పెడతాను."

"మీ ఏజెన్సీకి శివరామ్ ఫోన్ చేసినాడు. ఈ రోజుతో నీ పని ఐపోయింది. పోలీసులకి కూడా చెప్తా. నా బిడ్డకేమన్నా అయితే నిన్ను..." గురుప్రసాద్ చెయ్యెత్తాడు.

"వాణ్ణి వదలరా" అన్నాడు బాలసుందరం.

"నీకు తెలీదు నాయనా, ఊరుకో."

"నాకే తెలుసు. వాణ్ణి వదులు. ఆ సీళ్లు కోసింది నేను. నెల దినాలకి పైగా మన పంపు నీళ్లే నేను ఆ క్యాన్లో పోస్తా ఉండాను."

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. వంటింట్లోంచి రాజలక్ష్మి వచ్చి గడప మీద నిలబడింది. "ఏందండీ మీరంటా ఉండేది?" అంది.

చెప్పాడు. ఆదివారం నవ్వు దగ్గర నుంచి, సీమంతంలో లేచి నిలబడాలనుకున్న దాకా, దాచకుండా చెప్పాడు. చెబుతుంటే తనకే అది ఎంత చిన్న కోపమో తెలిసింది.

"పంపు నీళ్లే అయితే మాత్రం?" అంది రాజలక్ష్మి, మునిగిపోయేవాళ్లు గడ్డిపరక పట్టుకున్నట్టు. "మీరు రోజూ వాసన చూస్తారు గదా?"

"నాకు వాసన తెలీదు రాజీ. నాలుగేళ్లయింది."

"నాకు తెలుసు" అంది రాజలక్ష్మి. "పాలు మాడి ఇల్లంతా కంపు కొడతా ఉంటే పక్కనే కూర్చుని పేపరు చదివినారే, ఆ పొద్దే తెలుసు. అడిగితే చిన్నబోతారని నోరు మూసుకున్నాను. అయ్యో, ఎంత పని చేసినాను నేను!" అని తల బాదుకుంది.

గురుప్రసాద్ కన్నియప్పన్ చొక్కా వదిలి, కింద పడ్డ క్యాను లేపి నిలబెట్టి, "తప్పైపోయింది అన్నా" అని వాడితో అన్నాడు. బట్టల సంచి తీసుకుని డాక్టరమ్మకి చెప్పడానికి వెళ్లిపోయాడు. "నువ్వు ఆసుపత్రికి రావద్దు" అని తండ్రితో గేటు దగ్గర వెనక్కి తిరిగి అన్నాడు.

బాలసుందరం గడ్డపార తీశాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి, ఎండలో, ఒక్కడే తవ్వాడు. కన్నియప్పన్ పోకుండా నిలబడి, రెండుసార్లు గడ్డపార తాను అందుకోబోయాడు. ఆయన ఇవ్వలేదు. రెండు అడుగుల లోతున, సన్న గొట్టం వీధి కాలవ కింద నుంచి దాటే చోట, జాయింటు తుప్పు పట్టి తినేసి ఉంది. ఆయన చూపుడు వేలు అందులో దూరింది. నీళ్లు వదలని వేళ పంపు కొడితే, పైన పారే మురుగుని గొట్టం ఆ కంతలోంచి లోపలికి పీల్చుకుంటుంది. ఈ సంగతి ఊళ్లో ఎంతమందికి చెప్పాడో ఆయనకే లెక్క లేదు. వీధి గొట్టంలో ఏ దోషమూ లేదు. దోషమంతా ఆయన బిగించిన చోటే ఉంది.

ఆసుపత్రిలో చేరిన నాలుగోనాడు ఆశకి తెలివి తప్పింది. ఐదోనాడు బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఏడో నెల ఇంకా నిండలేదు. కబురు రాజలక్ష్మికి ఫోన్లో వచ్చింది, ఆమె ఫోను దించి కొంగు ముఖానికి కప్పుకుంటే బాలసుందరానికి అర్థమైంది. తొట్టి కొనలేదు, పేరు అనుకోలేదు, ముఖం చూడలేదు. అయినా ఆ పసిదాని బరువు ఆయన గుండెల మీద కూర్చుంది. ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించి, పెరట్లోకి పోయి ఊరికే నిలబడ్డాడు.

ఆశ బతికింది. పన్నెండు రోజులు పట్టింది. శివరామ్ తిరుపతికి మొక్కుకున్నాడు, గురుప్రసాద్ ఆసుపత్రి బెంచీ మీదే పడుకున్నాడు. పదమూడోనాడు సాయంత్రం గురుప్రసాద్ ఇంటికి వచ్చి, తండ్రి ముఖం చూడకుండా, "ఆశ నిన్ను రమ్మంటా ఉండాది" అన్నాడు.

మంచం మీద పిల్ల పసుపు తాడులా ఉంది. చేతికి సూది, పక్కన నీళ్ల సీసా. గురుప్రసాద్ బయటే ఉండిపోయాడు. బాలసుందరం తలుపు దగ్గర ఆగిపోతే, "రండి మామా" అని ఆమే పిలిచింది. గొంతు సన్నగా ఉంది.

"ఆయన అంతా చెప్పినారు" అంది. "నేను ఒకటి అడగాల. ఆ నీళ్లు మీరు కూడా తాగినారా?"

"తాగినానమ్మా. నేనూ మీ అత్తా అవే తాగినాం."

ఆశ కళ్లు మూసుకుంది. "అయితే మీకు తెలీదు. తెలిసి పొయ్యలేదు."

ఆమె ఆయనకి ఒక తలుపు తెరిచి పెట్టింది. తలవంచి అవునమ్మా అంటే చాలు. కొడుకు కూడా ఏదో ఒకనాటికి మెత్తబడతాడు. లోకం కూడా పాపం ముసలాయన, తెలియక చేశాడు అంటుంది. బాలసుందరానికి ఆ మాట అనాలని ఎంత ఆశ కలిగిందో దేవుడికి తెలుసు.

"లేదమ్మా" అన్నాడు. "నాకు చెప్పినారు. పదో దినమే సెలీనా వచ్చి నీళ్లు కాలవ వాసన కొడతా ఉండాయని చెప్పింది. నేను చేత్తో పట్టి చూసినాను. నాకేమీ తెలీలేదు. తెలీలేదని చెప్పడానికి నామోషీ. మంచి నీళ్లే అని చెప్పి పంపించేసినాను. ఆ మధ్యాహ్నం మళ్లీ నీకు పోసినాను. నా ముక్కు చచ్చిపోయి నాలుగేళ్లమ్మా. తెలియక చేసినానని నువ్వు అనుకోవద్దు."

ఆశ కళ్లు తెరిచింది. ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయన ఓర్చుకునేవాడు. కోపం లేదు. కడుపు ఉండే చోట దుప్పటి మీద చెయ్యి పెట్టుకుని, ఏదీ అర్థం కాని పసిపిల్ల అడిగినట్టు అడిగింది.

"మీ ముక్కు పోతే ఏమైంది మామా? నాది ఉండాది గదా. రోజూ పొద్దున్నే ఒక్క పిలుపు పిలిచుంటే, నేనొచ్చి వాసన చూసి చెప్పేదాన్ని గదా."

బాలసుందరం మంచం కడ్డీ రెండు చేతులతో పట్టుకుని బావురుమని ఏడ్చాడు. ఆశ ఆయన్ని ఓదార్చలేదు. పొమ్మని కూడా అనలేదు.